సిస్టరమ్మ పిడికిలి

సిస్టరమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున కబురొచ్చింది. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వరండాలో కుర్చీలో కూర్చుని అలాగే వెళ్ళిపోయిందట. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. ఎవరినీ ఆసుపత్రుల చుట్టూ తిప్పలేదు. జీవితమంతా మా అందరినీ ఆసుపత్రిలో భరించిన మనిషికి దేవుడు ఆ మాత్రం సౌకర్యం చూశాడని ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఏడుస్తూనే.

మా దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో ఆమె హెడ్ నర్సు. రిటైరయ్యాక మా ఊళ్ళోనే చర్చి పక్కింట్లో ఉండేది. ఈరోజు మా ఆవిడ నా మీద అరుస్తోందంటే ఆ పుణ్యం సిస్టరమ్మదే. ఆ మాట ఆమెతోనే అంటే, "దానికి నన్ను తిట్టుకోకు" అనేది.

తొమ్మిదేళ్ళ కిందటి మాట. మిరప కోతల రోజులు, పొద్దెక్కినా మంచు వదల్లేదు. కోతకి మనుషుల్ని తీసుకెళ్తున్న ఆటో అద్దంకి రోడ్డు మలుపులో బోల్తా పడింది. మిగతావాళ్ళు దెబ్బలతో లేచారు. మా ఆవిడ లేవలేదు. తుంటి ఎముక విరిగింది, తొడ చీరుకుపోయింది. వెనకాలే నా ట్రాలీ ఆటోలో వస్తున్నాను.

మా వైపు రోడ్డు మీద ఎవరు పడినా మొదటి వైద్యం నీళ్ళు. ఒకరు మొహాన కొట్టారు, ఒకరు నెత్తిన పోశారు. నేను మొగుణ్ణి కదా, బిందెడు కుమ్మరించాను. ఆ తడి మనిషిని ట్రాలీలో పడుకోబెట్టి, ఎదురుగాలిలో ఆసుపత్రికి తోలుకుపోయాను.

సిస్టరమ్మ ఆమె ఒంటి మీద చెయ్యి వేసి నావైపు తిరిగింది.

"ఏమయ్యా, వానేమన్నా పడిందా?"

"లేదండీ, మేమే పోశామండీ."

"కల్లంలో కాయ తడవకుండా పట్ట కప్పుతావే! తడిస్తే మిర్చి యార్డులో ఎవడూ ముట్టడని తెలుసుగా? కాయపాటి చెయ్యదా నీ పెళ్ళాం?"

నా భుజం మీది తువ్వాలు తీసి అందించాను.

తడి చీర తీయించి, ఒళ్ళు తుడిపించి, రెండు దుప్పట్లు కప్పించింది. డాక్టరుగారు రక్తం ఆగడానికి ఇంజెక్షన్ చేయించి, తుంటి చుట్టూ గుడ్డ బిగించి కట్టారు. ఎంత అదిమినా తొడ నుంచి రక్తం ఊరుతూనే ఉంది. అప్పుడు సిస్టరమ్మ కాస్త రక్తం చిన్న గాజు గొట్టంలోకి తీసి, ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. పత్తి చేలల్లో పాము కరిచినవాళ్ళకి చేసే పరీక్ష అది. పిడికిలి వేడికి ఇరవై నిమిషాల్లో రక్తం గడ్డకట్టాలి.

ఆ ఇరవై నిమిషాలూ ఒంటిచేత్తోనే పనిచేసింది. సెలైన్ సరిచేసింది, అంబులెన్సు పిలిపించింది, అడ్డమొస్తున్న నన్ను పక్కకి నెట్టింది. తర్వాత పిడికిలి విప్పి గొట్టం వంచింది. లోపల రక్తం నీళ్ళలా జారింది.

"గడ్డకట్టట్లేదు సార్."

పెద్ద దెబ్బ తగిలి రక్తం పోతుంటే, గడ్డకట్టించే సరుకు కూడా దాంతోపాటే అయిపోతుందట. పైన చలి తోడైతే, మిగిలింది కూడా పనిచెయ్యదట. "మనిషి చల్లబడితే రక్తం మాట వినదు" అనేది సిస్టరమ్మ. ఆ సరుకున్న ప్లాస్మాని మంచుగడ్డలా చేసి దాస్తారు, అది కరగడానికి టైము పడుతుంది. అందుకే గుంటూరు ఆసుపత్రికి ఫోను చేసి, "మేం వచ్చాక కాదు, ఇప్పుడే కరిగించండి" అని మరీ మరీ చెప్పింది. తనూ మాతో అంబులెన్సు ఎక్కింది. ఎక్కగానే, "ముందు ఆ ఏసీ కట్టెయ్యి బాబూ" అంది డ్రైవరుతో.

గుంటూరులో రక్తం ఎక్కించారు, ప్లాస్మా ఎక్కించారు, ఆపరేషను చేశారు. అక్కడ పెద్ద ల్యాబు ఉంది, మిషన్లున్నాయి. అయినా సిస్టరమ్మ ఇంకో గొట్టం పిడికిట్లో పెట్టుకుని వరండాలో నిలబడింది.

"సిస్టరమ్మా, ఏమైనా..."

"మాట్లాడకు."

చాలాసేపటికి పిడికిలి విప్పి, గొట్టాన్ని నా కళ్ళ ముందు తలకిందులు చేసింది. చుక్క జారలేదు. జున్నుముక్కలా పట్టుకుని ఉంది.

"చూశావుగా. ఇక ఏడువు."

ఏడ్చాను. మనసారా.

పెళ్ళిళ్ళకి అందరూ స్టీలు గిన్నెలు చదివిస్తారు. సిస్టరమ్మ మాత్రం దుప్పటి ఇచ్చేది. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా దుప్పటే. "ఇంట్లో దాచుకోవడానికి కాదు, బండిలో పెట్టుకోండి. నీళ్ళు చేనుకి పెట్టండి, దెబ్బ తగిలిన మనిషికి దుప్పటి కప్పండి" అనేది. నవ్వుకుంటూనే అందరం పెట్టుకున్నాం.

ఆమెని మట్టి చేసి ట్రాలీలో తిరిగొస్తుంటే, అదే మలుపులో ఒకాయన మోటారు సైకిలు జారి పడి ఉన్నాడు. కాలు వంకర పోయింది, మోకాలి కింద రక్తం. ఎవరో బిందెతో పరిగెత్తుకొస్తున్నారు. నేను బండి ఆపేలోపే మా ఆవిడ కుంటుకుంటూ దిగి, "నీళ్ళొద్దు! ఆపండ్రా!" అని ఒక్క కేక పెట్టింది. ఆ కేక మా ఇంట్లో నాకు అలవాటే. బిందె ఆగిపోయింది.

గాయం మీద గుడ్డ అదమమని నాకు చెప్పి, సీటు వెనక దుప్పటి తెచ్చి కప్పింది.

"ఈ ఎండలో దుప్పటేందమ్మా, ఉడికిపోతున్నా" అన్నాడాయన.

"తిట్టే ఓపిక ఉందిగా, బతుకుతావులే. కదలకు."

అంబులెన్సు వచ్చేదాకా మిర్చి టిక్కీ బస్తాల లారీలు నెమ్మదిగా తప్పుకుని పోతూనే ఉన్నాయి. వాటి గాలికి దుప్పటి అంచు లేచిపోకుండా మా ఆవిడ నడిరోడ్డు మీద కూర్చుని, దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుంది.