తాడు లేని అట్టపెట్టెలు

వంటింటి కిటికీలోంచి కిందికి చూసినప్పుడు నాకు ముందు తెలిసింది అట్టపెట్టెలు ఉన్నాయని కాదు, వాటి చుట్టూ తాడు లేదని.

శుక్రవారం మధ్యాహ్నం. గల్ఫ్‌లో మేముండే ఈ ఖఫ్జీలో ఆ వేళకి వీధంతా జుమ్మా నమాజుకి వెళ్ళిపోతుంది. ఎదురుగా ఉన్న బఖాలా, అంటే మా వీధి కిరాణా కొట్టు, షట్టరు దించేసి ఉంది. బిల్డింగు చూసుకునే బంగ్లాదేశీ అతను కూడా గదికి తాళం వేసి మసీదుకి వెళ్ళాడు. ప్రహరీ లోపల, అతని గది గోడ పక్కన, కొట్టువాళ్ళు పొద్దున బయట పడేసిన ఖాళీ పెట్టెలు రెండు వరసలుగా పేర్చి ఉన్నాయి. అడుగున నీళ్ళ సీసాల పెట్టెలు, పైన మజ్జిగ పెట్టెలు. మూతలన్నీ పద్ధతిగా మూసి ఉన్నాయి. వాటి మీద మా మంచం మీది కొరియన్ దుప్పటి, ఎర్ర పూలది, పరిచి ఉంది.

పని తెలిసినవాళ్ళు పేర్చినట్టుంది. తెలిసినవాళ్ళే పేర్చారు. పిల్లల్ని పడుకోబెడుతూ నేనే నేర్పాను. తాడు సంగతి ఒక్కటి చెప్పలేదు.

తలెత్తితే ఆ గది కప్పు మీద మా అబ్బాయి ఉన్నాడు. ఎనిమిదేళ్ళవాడు. కింద వాడి చెల్లెలు, ఐదేళ్ళది, నా ఫోను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. అరవబోయి నోరు మూసుకున్నాను. నేను చెప్పిన కథలో అతను దూకేది కేక వినపడగానే.

ఆ కథలో మనిషి ఇవాళ పెద్ద హీరో. పేరు రాయను. మా పిల్లలకి హీరో మామయ్య. నాకు పదకొండేళ్ళప్పుడు అతను కృష్ణానగర్‌లో మా ఇంటి పైగదిలో అద్దెకుండేవాడు. కోస్తా వైపు చిన్న ఊరి నుంచి ఒక్క సంచీతో వచ్చాడు. తెల్లవారకముందే వెళ్ళి వీధి చివర సెంటర్లో నిలబడేవాడు. వ్యాన్లొచ్చి జూనియర్ ఆర్టిస్టుల్ని ఎక్కించుకుపోయేవి. ఒక సినిమాలో పెళ్ళిలో భోంచేసేవాళ్ళలో ఒకడు, ఇంకో దాంట్లో శవయాత్రలో ఒకడు. "ఇవాళ పెళ్ళా, చావా?" అని మా అమ్మ మెట్ల దగ్గర అడిగేది. "ఏదైనా ఉప్మానే అక్కగారూ" అనేవాడు.

కొన్నాళ్ళకి ఒక ఫైట్ మాస్టర్ దృష్టిలో పడ్డాడు. హీరోలకి డూపుగా దూకే పని దొరికింది. దూకడం మా మేడ మీదే సాధన చేసేవాడు. మెట్లగది కప్పు మీద నుంచి డాబా మీద పేర్చిన పెట్టెల మీదికి. నన్ను అసిస్టెంటుగారూ అని పిలిచేవాడు. పెట్టెలు ఖాళీగా ఉండాలి, మూతలు మూసుండాలి, మనిషిని కాపాడేది లోపలున్న గాలే అని చెప్పేవాడు. పైన పరుపు. ఆఖరున పెట్టెల చుట్టూ తాడు రెండు చుట్లు చుట్టి బిగించాలి. లేకపోతే మనిషి బరువు పడగానే పెట్టెలు పక్కలకి జరిగిపోతాయి. తాడు కట్టడం నా పని. కింద నుంచి "రెడీ" అని అరవడమూ నా పనే.

ఇదంతా పిల్లలకి చెప్పాను. మా ఆయన ఉద్యోగం సముద్రంలో, ఆయిల్ ప్లాట్‌ఫామ్ మీద. పద్నాలుగు రోజులు అక్కడ, పద్నాలుగు రోజులు ఇంట్లో. ఆయన లేని రోజుల్లో మా తలుపు కొట్టేది నీళ్ళ క్యాన్లు తెచ్చే అతనొక్కడే. ఎమ్మెస్సీ చదివాను. ఇక్కడ నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండడానికిచ్చే కార్డు, మీద ఫలానా ఆయన భార్యనని ఉంటుంది, అంతే. పిల్లలు బడి నుంచి వచ్చేదాకా మాట్లాడకుండా ఉంటే, వాళ్ళొచ్చాక మొదటి మాట గొంతులో జీరగా వస్తుంది. అలాంటి నాకు చెప్పుకోడానికి మిగిలిన గొప్ప ఇదొక్కటే. మేడ మీద దూకిన అతనికి నేను అసిస్టెంటుని. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. వాళ్ళలా వింటుంటే ఇంకాస్త చెప్పాలనిపించేది. దూకాడు, దూకాడు, తర్వాత హీరో అయ్యాడు అని ముగించేదాన్ని. మధ్యలో జరిగింది దాటేసేదాన్ని.

అబ్బాయి ఎక్కిన ఆ గది కప్పు మా మెట్ల మలుపులో కిటికీకి ఆనుకుని ఉంటుంది. చెప్పులు లేకుండా మెట్లు దిగాను. కిటికీలోంచి చూస్తే వాడి కాలివేళ్ళు కప్పు అంచు మీద ఉన్నాయి. చేతులు చాచి ఉన్నాడు, నేను చెప్పినట్టే. కింద నుంచి పిల్ల నన్ను చూసింది. పెదాల మీద వేలు పెట్టాను. ఇదీ ఆటలో భాగమనుకుని బుద్ధిగా తలూపింది. కిటికీ దాటి వెళ్ళి వెనక నుంచి వాడి నడుము పట్టుకుని అలాగే వెనక్కి కూలబడ్డాను. కాలిపోతున్న సిమెంటు తొడలకి అంటుకుంది.

"షాట్ పాడుచేశావమ్మా" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

కింద నుంచి చిన్నది అడిగింది. "ఇప్పుడు రెడీ అనొచ్చా?"

నేను కొట్టలేదు, తిట్టలేదు. వాడు అలిగి నాకంటే ముందు మెట్లెక్కాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ, కుడి భుజం కొంచెం వంచి. అది హీరో మామయ్య నడక. ఆ నడక ఇప్పుడు ప్రతి మగపిల్లాడికీ వచ్చు. ఇక్కడి బడిలో మలయాళీ పిల్లలు కూడా అలాగే నడుస్తారట. ఎప్పుడూ నవ్వుకుంటూ చూసేదాన్ని. ఆ రోజు వెనక మెట్లెక్కుతూ చూడలేకపోయాను.

ఎందుకంటే అది స్టైలు కాదు.

ఆ సాయంత్రం, నా పదకొండో ఏట, తాడు నా దగ్గరే ఉంది. దాంతో వీధిలో స్నేహితురాళ్ళతో తాడాట ఆడుతున్నాను. అతను పై నుంచి పిలిచాడు. తర్వాతి వంతు నాదే కాబట్టి తాడు వాళ్ళ చేతిలో ఉంచి పైకి పరుగెత్తాను. పెట్టెలు పేర్చాను, పరుపు వేశాను. పరుపు అంచులు వేలాడుతుంటే పై నుంచి తాడు కనపడదు.

"తాడు కట్టారా అసిస్టెంటుగారూ?" అని అడిగాడు.

కట్టానన్నాను. రెడీ అని అరిచాను.

పెట్టెలు రెండుగా విడిపోయాయి. ఎడమ మడమ నేరుగా డాబాకి తగిలింది. ఆ చప్పుడు గురించి రాయను. అమ్మా, పక్కింటివాళ్ళూ పైకి వచ్చేలోపు అతను నన్ను దగ్గరికి పిలిచాడు. నొప్పికి పళ్ళు బిగబట్టి, "నేను మెట్ల మీద జారాను. నువ్వూ అదే చెప్పు" అన్నాడు. అదే చెప్పాను.

మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. దూకే పని పోయింది. బడి నుంచి రాగానే పైకెళ్ళి, ఎవరో అసిస్టెంట్ డైరెక్టర్ ఇచ్చిన సీన్ పేపర్లు చదివేదాన్ని. నేనొక ముక్క అందిస్తే అతను పడుకునే దాన్ని పలికేవాడు. కోపంగా ఒకసారి, నవ్వుతూ ఒకసారి, ఏడుస్తూ ఒకసారి. ఆ గొంతుకే తర్వాత డబ్బింగ్ పని దొరికింది. ఆపైన చిన్న వేషాలు. మొదటి మూడు సినిమాల్లో అతను లేచి నిలబడడు, కావాలంటే చూడండి. బ్యాంకు గుమాస్తా, రిజిస్ట్రారు, కారులో కూర్చున్న ఇన్‌స్పెక్టరు. నాలుగో సినిమాలో నడవాల్సి వచ్చింది. కాలు ఈడ్చింది. అది కప్పిపుచ్చడానికి భుజం వంచాడు. హాల్లో ఈలలు పడ్డాయి. అప్పటికే మా ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఈ మధ్య ఒక ఇంటర్వ్యూలో ఆ నడక ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగారు. మా తాతది అని నవ్వేశాడు. ఫోను అక్కడ ఆపి అతని మొహం చాలాసేపు చూశాను. గుర్తుండి దాచాడో, నిజంగానే మర్చిపోయాడో తెలియలేదు. గుర్తుంటే అసలు సంగతి తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరం. మర్చిపోతే నేనొక్కదాన్నే.

శుక్రవారం సాయంత్రం మా ఆయన ప్లాట్‌ఫామ్ నుంచి ఫోన్ చేశారు. లైను తెగుతూ వస్తోంది. గొంతు అలా ఉందేంటని అడిగారు. జలుబన్నాను. "మీ హీరో అన్నయ్య సినిమా చూసి ఏడ్చావా?" అని నవ్వారు. అవునన్నాను. ఆయన రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. అంత దూరంలో ఉన్న మనిషికి చెప్పి ఏం లాభం అని సర్దిచెప్పుకున్నాను. ఫోను పెట్టేశాక తెలిసింది, ఇది ఆ రోజు డాబా మీద "కట్టాను" అన్న గొంతేనని. పిల్లలు పడుకున్నాక పెట్టెలన్నీ నలిపి చెత్తడబ్బాలో వేశాను. దుప్పటి దులిపి తెచ్చాను. నిద్ర పట్టలేదు. ఏడెనిమిది పెట్టెలు, ఎనిమిదేళ్ళ పిల్లాడు, సిమెంటు. కళ్ళు మూస్తే ఇవే. ఇకమీదట దూకొద్దని మాత్రం చెబితే చాలనిపించింది. కానీ వాడు అడుగుతాడు, మామయ్య దూకలేదా అని. మామయ్యకి ఏమీ కాలేదుగా అని.

తెల్లారితే శనివారం, బడి లేదు. దోసెలు పెట్టి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని కథ మొదటినుంచి చెప్పాను. వ్యాన్లు, ఉప్మా, పెట్టెలు, గాలి. ఈసారి తాడు కూడా చెప్పాను. అది ఎంత పొడవో, ఎన్ని చుట్లో, ఆ రోజు ఎవరి చేతిలో ఉందో. మడమ విరిగిన సంగతి, కూర్చునే వేషాల సంగతి చెప్పాను. మా అబ్బాయి దోసె ముక్క చేతిలోనే పట్టుకుని తన ఎడమ కాలు వైపు చూసుకున్నాడు.

"మామయ్యకి ఇప్పటికీ నొప్పి ఉంటుందా?"

"తెలీదురా. నేనెప్పుడూ అడగలేదు."

"అయితే నువ్వు కట్టానన్నది అబద్ధమా?" అంది చిన్నది.

"అవును" అన్నాను. "అబద్ధమే చెప్పాను. తాడు కట్టలేదు."