మా కోడలు ముట్టని కేసు

మా కోడలు స్వరూప పోలీసులు పంపే ఫోన్లు, సోషల్ మీడియా పోస్టులు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. ఎవరు ఏం పెట్టారు, ఏ ఫోన్ నుంచి పెట్టారు అన్నది తేల్చడం ఆమె పని. చిక్కడపల్లిలో ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే అది నా తప్పు కాదు, నేను అందరికీ చెప్పాను.

మా మేడమీద గదిలో కిరాయికుండే మహేశ్వరికి సర్కారు కొలువు వచ్చింది. ఆర్డరు చేతికి రాకముందే ఎవరో ఆమె పేరుతో, ఫొటోతో దొంగ ఖాతా తెరిచి, పరీక్ష పేపర్ ముందే కొన్నానని పోస్టు పెట్టారు. కొలువు ఆగిపోయింది. అశోక్‌నగర్ హాస్టళ్లలోని ఆమె దోస్తులు ఊరుకుంటారా? ఆ ఖాతా లింకు తమ ఫోన్ గ్రూపులో పెట్టి, అందరూ కలిసి ఆ సోషల్ మీడియా కంపెనీకి ఫిర్యాదు కొట్టారు. ఖాతా మాయమైంది. నారాయణగూడలో చాయ్ తాగి పండగ చేసుకున్నారు.

విన్న స్వరూప తల పట్టుకుంది. ఖాతాతోపాటు సాక్ష్యమూ పోయిందట. మిగిలినవి స్క్రీన్‌షాట్లు, అవి ఎవరైనా తయారు చేయొచ్చట. భయపడి గ్రూపు కూడా తుడిచేయబోతున్న దోస్తులను గట్టిగా ఆపి, ఫోన్లు ఉన్నవి ఉన్నట్టే పోలీసులకు ఇమ్మంది.

అవి ఆమె ల్యాబుకే వచ్చాయి. ఇక పిల్ల గట్టెక్కినట్టే అనుకున్నాను. స్వరూపేమో కేసు తనకొద్దని చెప్పి, తోటి ఉద్యోగి త్రివేణికి ఇప్పించింది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పిల్లకు ఆమాత్రం చేయలేవా అని నిలదీశాను.

“ఇంట్ల పిల్ల కాబట్టే మామయ్యా. నేను రాస్తే ఎవరు నమ్ముతరు?”

నేను ఆమెతో మాట్లాడటం మానేశాను.

త్రివేణికి గ్రూపులో ఆ లింకు దొరికింది. తీసేసిన ఖాతా వివరాలు కంపెనీ దగ్గర కొన్నాళ్లు ఉంటాయట. పోలీసులు లింకు పంపి అడిగితే, ఖాతా తెరిచిన నంబరు బయటపడింది. అది కొలువు జాబితాలో మహేశ్వరి తర్వాత ఉన్న అభ్యర్థిది.

కొలువు ఆపిన ఆఫీసులో విచారణకు మహేశ్వరికి తోడుగా నేనూ వెళ్లాను. అధికారి నివేదిక తిరగేసి, ల్యాబులో పనిచేసే స్వరూప మీ ఇంటి ఓనరు కోడలే కదా అని మహేశ్వరిని అడిగాడు. చిక్కడపల్లి అంతా చాటింది నేనే మరి. మహేశ్వరి మాత్రం తొణకలేదు.

“అవును సార్. అందుకే అక్క ఈ కేసు ముట్టలే. వేరే మేడం రాసిండ్రు.”

ఆయన నివేదిక కింద ఉన్న పేరు చూశాడు. మహేశ్వరి తప్పేమీ లేదని, కొలువు ఇవ్వవచ్చని మా ఎదుటే రాశాడు.

తర్వాత నావైపు తిరిగి మీరెవరని అడిగాడు. ఎవరడిగినా పేరు, చేసిన ఉద్యోగం, రిటైరైన హోదా వరసగా చెప్పడం నా అలవాటు. ఆ రోజు అవేవీ గుర్తుకు రాలేదు. లేచి నిలబడ్డాను.

“స్వరూప మామను సార్.”