రెండు గింజలు, ఒక గీత

తడి పలక వాసన తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. తొలకరి మట్టి వాసన వేరు, ఇది వేరు. చల్లగా, కాస్త ఇనుము కలిసినట్టు ముక్కుకు తగులుతుంది. ఈ ఉదయం గాజు జాడీ మీద మూతగా వాడే పలక ముక్కను కడుగుతుంటే ఆ వాసన వచ్చింది. జాడీలో నీలం రంగు ఫైటర్ చేప ఉంది. నేను పెంచుతున్నవాటిలో ఇది మూడోది. అంగన్‌వాడీకి టైమవుతోంది, పిల్లల ఫోటోలు ఫోనులో ఎక్కించాలి, రాత్రి నుంచి నడుము పట్టేసింది. అయినా అక్కడే కూలబడ్డాను. ఈ చేపల పిచ్చి నాకు అంటించి పోయింది సలోమక్క.

మార్కాపురంలో ఒక పలకల షెడ్డులో ఆమె మాకు పెద్ద. పెద్ద అంటే కుర్చీ ఉంటుందనుకునేరు; ఆమె కూర్చునేది బోర్లించిన డబ్బా మీద. ఎనిమిది మంది ఆడవాళ్ళం ఆమె కింద పనిచేసేవాళ్ళం. నాకు పంతొమ్మిదేళ్ళు, ఇంటర్‌తో చదువు ఆగింది. బలపంతో పలక మీద ఒక గీత గీసి, సరిగా పడుతుందో లేదో చూసి, తడిగుడ్డతో తుడిచి పెట్టెలో సర్దడం నా పని. గీయడం, తుడవడం, సర్దడం. సాయంత్రానికి చెయ్యి నాది కాదన్నట్టుండేది. రాతిదుమ్ము అందరి జుట్టులోనూ ఉండేది. సలోమక్కకు ఛాతీలో కూడా చేరింది. ఎప్పుడూ దగ్గే.

నా పక్క కిటికీలో ఆమె చేప ఉండేది. బదిలీ మీద ఊరు వదిలిన పక్కింటి టీచరమ్మ ఇచ్చిపోయిందట. దుమ్ము పడకుండా, చేప ఎగిరి కిందపడకుండా విరిగిన పలకను మూతగా పెట్టి, కొంచెం సందు వదిలేది. "పైకొచ్చి గాలి పీలుస్తాది మే ఇది. మనకు లేని గాలి దానికన్నా ఉండనీ" అని దగ్గుతూనే నవ్వేది. జాడీ పక్కన ఒక చిన్న పలక. పొద్దున రెండు మేత గింజలు, సాయంత్రం రెండు. వేసినవాళ్ళు దాని మీద ఒక గీత గీయాలి. గీత కనబడితే ఆ పూటకు ఇంకెవరూ మేత డబ్బా ముట్టకూడదు. ఆదివారం షెడ్డుకు సెలవు, చేపకు పస్తు. ఇంత చేపకు రెండు గింజలేమిటని నేనొకసారి అడిగాను. "దాని కడుపు దాని కన్నంత ఉంటాది. నీ కన్ను చూసి పెట్టొద్దు, దాని కన్ను చూసి పెట్టు" అంది.

దగ్గు ముదిరి ఆమె పది రోజులు కర్నూలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. పోతూ పోతూ చేపను నాకు అప్పజెప్పింది. మొగుడు పోయినాక, పిల్లలు లేని ఆ మనిషికి రోజూ ఎదురుచూసే ప్రాణం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే కళ్ళలో పెట్టుకుని చూశాననుకున్నాను. వారం తిరిగేసరికి చేప పొట్ట బుడగలా ఉబ్బింది. ఒక పక్కకు ఒరిగి అడుగునే పడి ఉంటోంది. నీళ్ళు బియ్యం కడిగినట్టయ్యాయి. దిష్టి తగిలిందని ఒకరు, బెంగ పెట్టుకుందని ఒకరు అన్నారు. ఆ మధ్యాహ్నం నాతో పనిచేసే కాశమ్మ వెనక నుంచి కేకేసింది. "ఏందమ్మే చెన్నమ్మా, ఇప్పుడే గీసినాను గదా, తుడిచేసినావేంది?"

చూసుకుంటే నా చేతిలో తడిగుడ్డ, చిన్న పలక మీద సగం చెరిగిన గీత. గీత కనబడితే తుడవడమే నా చేతికి తెలిసిన పని. రోజుకు ఎన్నిసార్లు తుడిచానో నాకే తెలియదు. పలక ఖాళీగా కనబడిన ప్రతిసారీ, అయ్యో, అక్క లేదని పస్తు పెడుతున్నారే అని ఒక్కొక్కరూ చిటికెడు వేశారు. అడిగితే మిగతా ఏడుగురూ ఒప్పుకున్నారు. ప్రేమ తక్కువై కాదు, ఎక్కువై చంపబోయాం.

తిరిగొచ్చిన సలోమక్కకు ఏడుస్తూ చెప్పాను. ఆమె తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది. ముందు రోజు పట్టి ఉంచిన నీళ్ళతో జాడీలో మూడో వంతు మార్చింది. మేత మొత్తం మానేసింది. మూడో రోజు పొట్ట కొంచెం తగ్గింది, చేప మెల్లగా అద్దం దగ్గరికి వచ్చి నావైపు చూసింది. ఆగలేక గింజ తీశాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆకలిగా ఉంది గదక్కా."

"ఆకలైందంటే బతుకుతాదని. ఇప్పుడు నువ్వు పెట్టేది దానికి కాదు మే, నీ బాధకు."

నాలుగో రోజు ఒక్క గింజ. చేప బతికింది.

రెండేళ్ళకు షెడ్డు మూతపడింది, సలోమక్క మంచాన పడింది. ఆమె ఇంట్లో ఉండి నేనే చూసుకున్నాను. మింగితే పొలమారేది. దిండుకు ఆనించి కూర్చోబెట్టి, పూటకు నాలుగు చెంచాల జావ, అంతకు మించొద్దని డాక్టరు చెప్పాడు. కానీ మా వైపు మంచాన ఉన్న మనిషిని చూడబోతే ఒట్టి చేతులతో పోరు; తెచ్చింది తమ చేత్తో ఒక ముద్దయినా తినిపించకుండా లేవరు. ప్రార్థన చేసి ఒకరు, కన్నీళ్ళు పెట్టుకుని ఒకరు. పొద్దుగూకేసరికి ఆమె ఊపిరాడక గిలగిలలాడేది. చేప దగ్గరున్న చిన్న పలక తెచ్చి తలుపుకు తగిలించాను. జావ పట్టగానే ఒక గీత. గీత ఉంటే ఎవరూ పెట్టకూడదు. చాలామందికి కోపం వచ్చింది. సలోమక్క మాత్రం పలకను చూసి కళ్ళతో నవ్వింది.

ఆఖరు రోజు పొద్దున ఆమె చెంచా వద్దని తల తిప్పుకుంది. నేను బలవంతం చేయలేదు. తడిగుడ్డతో పెదాలు అద్దాను. అర్ధవీడు నుంచి ఆమె అక్క మార్తమ్మ కోడి రసం కాచి తెచ్చింది. "వద్దు పెద్దమ్మా" అని అడ్డం నిలబడ్డాను. మధ్యాహ్నానికి సలోమక్క పోయింది. గిన్నె అట్లాగే పట్టుకుని మార్తమ్మ నాతో అంది: "నా చెల్లెల్ని ఆకలితో పంపినావు గదమ్మే."

నేను చేసింది సరైనదేనని డాక్టరు అన్నాడు. ఆ మాట మనసుకు ఎక్కలేదు, మార్తమ్మ మాటే ఎక్కింది. అంగన్‌వాడీలో ఇంతమందికి అన్నం పెడతాను, ఏ పూటా ఆ మాట మనసులోంచి దిగిపోదు.

ఈ ఉదయం రెండు గింజలు వేసి గీత గీశాను. తిన్నాక కూడా చేప అద్దానికి మూతి ఆనించి నావైపే చూస్తోంది. ఇంకొకటి వేసి లేచిపోవడం ఎంత తేలికో నాకు తెలుసు. డబ్బా మూత బిగించి, అది చూసినంతసేపూ దాని ముందే కూర్చున్నాను.