నా బదులు మాస్టారు పడ్డ మాట

మా మాస్టారు పోయినారు. క్రితం నెల ఒక మంగళవారం పొద్దున్న, ఖరగ్‌పూర్‌లోని ఇందా బజార్లో వంకాయలు ఏరుతూ ఉన్నపాటున కూలబడిపోయినారట. సుభాష్‌పల్లి నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్తే, "మరి కూరల సంచీ ఎవరు తెచ్చినారే?" అన్నాను. ఏటి అడుగుతున్నానో నాకే తెలీలేదు.

ఇద్దరం ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళమే, రైల్వే వర్క్‌షాపు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళమే. బెంగాలీలో చదువుకుని, పడమటి అడవుల్లో ఒక బెంగాలీ బడిలో పాఠాలు చెప్పినాం. ఆయన హెడ్మాస్టర్, నేను కొత్త టీచర్ని. రోజూ లోకల్ రైలు దిగి అడవిలో గంట నడక. దారి పొడుగునా ఆయన మురీలో, అదే మన మరమరాల్లో, పచ్చిమిరపకాయ నంజుకుంటూ నడిచేవారు. బడికి చేరగానే బ్లేడు తీసి పిల్లలందరి పెన్సిళ్ళూ తనే చెక్కేవారు. నన్ను ముట్టుకోనిస్తేనా! నాకు విరగ్గొట్టడం తప్ప రాదట.

ఆ అడవుల్లో తుపాకులు మోగిన ఏళ్ళల్లో మా బడిలోనే మావోయిస్టుల మీదికొచ్చిన బలగాల క్యాంపు ఉండేది. గొడవలు సద్దుమణిగాక క్యాంపు ఊరి బయటికి మారింది, బడి మళ్ళీ మాకిచ్చినారు. గోడలకి సున్నం, కొత్త బెంచీలు, అన్నీ క్యాంపువాళ్ళే పెట్టించినారు. పిల్లలు మాత్రం రారు. యూనిఫారం కనబడితే చాలు, తల్లులు తలుపులేసుకునేవారు. మాస్టారు ఇల్లిల్లూ తిరిగి, "బడికీ క్యాంపుకీ సంబంధం లేదు" అని చెప్పి చెప్పి పదకొండు మందిని తెచ్చినారు.

అంతలో నేను వెలగబెట్టిన ఘనకార్యం వినండి. ఒకరోజు జోరున వాన. మాస్టారు ముందు రైలుకే వెళ్ళిపోయినారు. క్యాంపు జీపు ఆగి "రండి మేడమ్" అన్నారు. కొత్త చెప్పులు పాడైపోతాయని ఎక్కీసినాను. మర్నాడు ఒక్క పిల్లా బడికి రాలేదు.

"ఏటమ్మా, జీపెక్కినావా?" అన్నారు మాస్టారు. తలూపినాను. తిడితే బాగుండును! "సర్లే, పద" అని నన్ను ఊళ్ళోకి తీసుకెళ్ళి, అందరి ముందూ, "టీచరమ్మని నేనే ఎక్కమన్నాను. తప్పు నాది" అన్నారు. ఒక ముసలాయన "నువ్వూ వాళ్ళ మనిషివే" అని మొహమ్మీదే అనేసినాడు. మాస్టారు ఆ మాట పడి, తలొంచుకుని నిలబడ్డారు. నేను నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయినాను గానీ విప్పలేదు.

అక్కణ్ణుంచి నేరుగా క్యాంపుకి వెళ్ళినాం. ఆఫీసర్ మంచివాడే. పిల్లలకి బ్యాగులూ బంతులూ పంచుతాను, సరేనా అన్నాడు.

"సాబ్, అన్నీ మీరే తేల్చీసి సరేనా అంటే అది అడగడం కాదు" అన్నారు మాస్టారు. "శనివారం ఊరివాళ్ళు కూర్చుంటారు. తుపాకీ లేకుండా వచ్చి, చాప మీద కూర్చుని, వాళ్ళకేటి కావాలో వినండి."

ఆఫీసర్ మొహం ఎర్రబడింది. "నాకేమైనా అయితే?"

"మీ పక్కన నేను కూర్చుంటాను కదా."

రెండు శనివారాలు ఆఫీసర్ రాలేదు. మూడోసారి వచ్చినాడు. ఊరు బ్యాగులడగలేదు. బడి చుట్టూ ఇంకా మిగిలిపోయిన ముళ్ళతీగ తీసెయ్యమంది. జవాన్లూ ఊరి మగవాళ్ళూ కలిసి ఒక్క పూటలో పీకీసినారు. సోమవారం పదకొండు మందీ వచ్చినారు, తర్వాత మెల్లిగా మిగతావాళ్ళూ.

మొన్న పెద్దకర్మ అయ్యాక ఆ ఊరెళ్ళినాను. ఆ పదకొండు మందిలో ఒకమ్మాయి తల్లి దగ్గర కూర్చుని, ఇన్నేళ్ళూ మింగుకుంటూ వచ్చిన మాట కక్కీసినాను. "ఆ రోజు మాస్టారు నన్ను ఎక్కమనలేదు దీదీ. నేనే ఎక్కినాను."

"తెలుసు" అందావిడ తాపీగా. "నువ్వు జీపెక్కకముందే ఆయన మా ఇంటి మీదుగా స్టేషన్‌కి వెళ్ళిపోవడం చూసినాను."

"తెలిసీ పిల్లని మళ్ళీ ఎలా పంపినావు?"

"నీ తప్పు తనమీద వేసుకున్నారు కదా. అలాటి మనిషి దగ్గర పిల్లని వదలొచ్చనిపించింది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ లేచి, ఇంటికొచ్చిన మనిషికి వాళ్ళు పెట్టే పద్ధతిలో, కంచు చెంబుతో నీళ్ళు తెచ్చి రెండు చేతులా నా ముందు పెట్టింది. చాలాసేపు తాగలేకపోయినాను. చెంబులో నీళ్ళు కాసేపు ఊగి, కుదురుకున్నాయి.