డ్రమ్ము మీద దిక్సూచి

మా చాల్‌లో పదో తరగతి పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే కావడం నా ఖర్మ. ఎనభైల నాటి సంగతి. బొంబాయి కామాటిపురాలో, వరసగా ఒంటి గదులుండే ఆ చాల్‌లో మాదొక గది. అమ్మ పోయి మూడేళ్లయింది. నాన్న ఊరి చివర ఎక్కడో కడుతున్న బిల్డింగు దగ్గరే పడుకుని ఆదివారం ఇంటికొచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ నేనూ, నా బీడీల చాటా.

పదో తరగతి పాసయ్యానని ప్రశ్నలన్నీ నా గుమ్మానికే వచ్చేవి. "విమానానికి మబ్బులల్ల తొవ్వ ఎట్ల దొరుకుతది?" "రైలెక్కితే చందమామ మన ఎంబడి ఎందుకురుకుతడు?" "రేడియోల ఆమె ఒక్కతే ఉంటే అందరిండ్లల్ల ఎట్ల మాట్లాడుతది?" తెలిసినవి మెల్లగా చెప్పేదాన్ని, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పేదాన్ని. నిజం ఒప్పుకుంటాను, ఆ ప్రశ్నల కోసం ఎదురుచూసేదాన్ని. జవాబు సాగినంతసేపు నా గడప మీద ఎవరో ఒకరు కూర్చుని ఉండేవాళ్లు కదా.

పక్క గదిలో పాలమూరు నుంచి వచ్చిన ముసలాయన ఒక్కడే ఉండేవాడు. గోడలకు సున్నం వేసే పని. ఆయనకు కుడి, ఎడమ అనే మాటలే లేవు. "బిడ్డా, ఆ చెంబు జర ఉత్తరానికి జరుపు" అనేవాడు. బొంబాయిలో పుట్టిన మాకు ఉన్నవి రెండే దిక్కులు, గ్రాంట్ రోడ్ స్టేషన్ వైపు, దానికి అవతలి వైపు. నేను చెంబు పట్టుకుని గుడ్లప్పగిస్తే, "ఉత్తరం ఎరుక లేదు గని పది పాసైందట!" అని పకపకా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

అలాంటాయన ఒక సాయంత్రం, "మా ఊరు ఈడికెళ్లి ఏ దిక్కుంటది బిడ్డా?" అని నన్నే అడిగాడు.

ఎందుకని అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు. ఊళ్లో భార్య ఉంది. ఈయన బయల్దేరిన రోజు ఇద్దరూ ఒక మాట అనుకున్నారట. పొద్దుగూకి కంచం ముందు కూర్చున్నప్పుడు ఆమె ఇటు, ఈయన అటు తిరిగి, 'తింటున్న, నువ్వు గూడ తిను' అనాలని. మా సందులో మేడలు ఎదురెదురుగా ఒరుసుకుని ఉంటాయి. సూర్యుడు నడినెత్తికొస్తే తప్ప కనబడడు, ఆయన చెప్పే ఉత్తరం కూడా అలవాటు కొద్దీ అనుకున్నదే. "నాకైతే మెట్ల దిక్కు అనిపిస్తది. ఇన్ని రోజులు అట్లనే తిరిగి తింటున్న. కని నాది అందాజేనాయె" అన్నాడు.

నాకు మంచి అదను దొరికింది. బడిలో సైన్సు టీచరమ్మ బహుమానంగా ఇచ్చిన దిక్సూచి తెచ్చి, గుమ్మం పక్కనున్న నీళ్ల డ్రమ్ము మూత మీద పెట్టాను. ముల్లు ఊగి ఊగి నిలిచింది. పాలమూరు మనకు తూర్పున, కాస్త దక్షిణానికి వస్తుందని పటంలో చూసి, లెక్కకట్టి, మెట్లకు ఎదురు దిక్కున, స్టేషన్ వైపు చెయ్యి చాపాను.

"గటా? నిజమేనా బిడ్డా?"

"ముల్లు అబద్ధం చెప్తదా తాతా? ఇది సైన్సు!" అని కసిరాను. ఆయన కంచం ఎత్తుకుని ఇటు నుంచి అటు తిరిగి కూర్చున్నాడు.

వానాకాలమంతా అలాగే తిన్నాడు. ఒక సాయంత్రం అన్నం కలిపి చెయ్యి కంచంలోనే పెట్టుకుని కూర్చున్నాడు. ఏమైందంటే, "పొలమారుత లేదు బిడ్డా" అన్నాడు.

నేను ఫక్కుమన్నాను. ఆయన నవ్వలేదు. "ముందుగాల రెండు మూడు దినాలకొకసారి పొలమారేది. తలుసుకుంటున్నదని నెత్తి మీద నేనే తట్టుకుంటుంటి. ఈ దిక్కు తిరిగినంక ఒక్కసారన్న లేదు. మర్సిపోయినట్టున్నది నన్ను."

జాబు రాసిపెడతానన్నాను. "సదివిచ్చుకోవాలె గదా ఆమె. ఒకరి నోటెంబడి ఇసొంటియి అడుగుతరా?" అన్నాడు. అప్పుడైనా నోరు మూసుకున్నానా? గాలి గొట్టం, అన్నం గొట్టం, మధ్యన చిన్న మూత, దారి తప్పిన మెతుకు, అంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని, "అట్లనా" అని చెయ్యి కడుక్కున్నాడు. అన్నం అట్లాగే ఉంది. ఆ తర్వాత ఆయన వండుకోవడమే తగ్గించాడు. బుగ్గలు లోపలికి పోయాయి.

దీపావళి ముందు ఎదురు గదివాళ్లు టీవీ కొన్నారు. డాబా మీద యాంటెన్నా ఎటు తిప్పినా బొమ్మ రావడం లేదని నన్ను పిలిచారు. గొప్పకు పోయి దిక్సూచి కూడా పట్టుకెళ్లి నేల మీద పెట్టాను. స్టేషన్ కప్పుల వెనక సూర్యుడు దిగిపోతున్నాడు. ముల్లు చెప్పే పడమర కూడా అటే, సముద్రం వైపే ఉంది. నేను తాతకు చూపించిన పాలమూరూ అటే ఉంది.

యాంటెన్నా సంగతి గాలికొదిలేసి మెట్లు దిగాను. దిక్సూచిని డ్రమ్ము దగ్గరికి తెచ్చేసరికి ముల్లు గిర్రున తిరిగి డ్రమ్ము వైపు మళ్లింది. ఇనుము! ఇనుము పక్కన దిక్సూచి పెట్టకూడదని పుస్తకంలో గీత గీసుకుని మరీ చదివిన దాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన అందాజే సరైనది. మెట్ల వైపే పాలమూరు.

రెండు రోజులు చెప్పలేదు. చెబితే ఇక నన్నెవరు ఏం అడుగుతారు? గడప మీద ఎవరొచ్చి కూర్చుంటారు? ఆ భయం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మూడో సాయంత్రం ఆయన పిడికెడు అన్నం ముందు పెట్టుకుని స్టేషన్ వైపు తిరిగి కూర్చోవడం చూశాక నా వల్ల కాలేదు.

"తాతా, తప్పు నాది. ఇనుము మీద పెట్టి చూసిన. నువ్వనుకున్న దిక్కే నిజం."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "అంటే గిన్ని దినాలు సముద్రంతోని ముచ్చట పెట్టిన్నా బిడ్డా?" అన్నాడు. కంచం ఎత్తుకుని మెట్ల వైపు తిరిగాడు. గొంతు సవరించుకుని, "ఏమే, నేనే. తొవ్వ తప్పిన. తింటున్న, నువ్వు గూడ తిను" అన్నాడు.

గొట్టాలూ మూతా అన్నీ మర్చిపోయి, పొలమారాలి దేవుడా అని మొక్కుకుంటూ నిలబడ్డాను. ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. ఆయన తలెత్తి నా మొహం చూశాడు. ముద్ద ఇంకా వేళ్ల మధ్యనే ఉంది, నోటిదాకా పోలేదు. ఆయన దగ్గడం మొదలుపెట్టాడు.

"సూడు బిడ్డా, పొలమారింది. తట్టు, నెత్తి మీద తట్టు."

తట్టాను. "అవ్వనేనా తలుసుకున్నది తాతా?" అని అడిగాను.

"ఆమె గాకుంటే ఇంకెవరున్నరు నాకు" అన్నాడు. చేతిలోని ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు.