లైన్ రోగం మీద నేను రాసిన సమీక్ష

ఆ పుస్తకం మా ఇంటికి వచ్చినప్పుడు అత్తమ్మ దాన్ని పెళ్లిపత్రిక అనుకుంది. ఆమె తప్పేం లేదు. పుస్తకాన్ని మక్తల్‌లో శుభలేఖలు వేసే ప్రెస్సులో అచ్చు వేశారు. మిగిలిపోయిన కార్డు కాగితం వాడారు కాబట్టి ప్రతి పేజీ అంచునా బంగారు గీత, పైమూలన ఉబ్బెత్తుగా వినాయకుడు. ఆ వినాయకుడి కింద జనం రోగంతో అల్లాడుతున్నారు.

"ఎవరి పెండ్లే?" అని అడిగింది.

"పెండ్లి కాదత్తమ్మా, బొమ్మల కథ. రోగం కథ."

అత్తమ్మకు చదువు రాదు. అద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పింది. ఎక్కడ చూసినా మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబడి ఉన్నారు. "పెండ్లే గిది. బువ్వ కాడ నిలవడ్డరు. గిప్పుడెవరు కూసవెట్టి పెడ్తున్నరు?" అని తేల్చేసి పుస్తకం నా చేతికిచ్చింది.

నేను నార్కట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఊరి నుంచి నాలుగు పేజీల వారపత్రిక ఒకటి వస్తుంది. దాని సంపాదకుడు, విలేకరి, ప్రకటనలు తెచ్చేవాడు ఒక్కడే మనిషి. మిగతా సమయంలో జిరాక్స్ షాపు నడుపుతాడు. "పేజీ నిండుతలేదు మేడం, పుస్తకాల గురించి ఏమన్న రాయుండ్రి" అని అతను అడిగితే అప్పుడప్పుడూ సమీక్షలు రాసేదాన్ని. ఎవరూ చదవడం లేదనుకున్నాను. కానీ మక్తల్ నుంచి బస్సులో వచ్చిన ఒక చిత్రకారుడు హైవే మీది హోటల్లో మిర్చి బజ్జీ కొనుక్కుంటే, అది నా సమీక్షలో చుట్టి ఇచ్చారట. బజ్జీ తిని, సమీక్ష చదివి, ఊరికి పోయాక తన పుస్తకం పంపాడు.

అతను ఒకప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. తర్వాత ఒక చిన్న దుకాణంలో బండ్ల నంబరు ప్లేట్లు రాశాడు. కరోనాకు అదీ ఆగింది. ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో ఈ కథ గీశాడు.

కథ రాబోయే కాలంలో, మన రాళ్లగుట్టల మధ్యే జరుగుతుంది. ఒక రోగం వస్తుంది. జ్వరం ఉండదు, దగ్గు ఉండదు. ఎదుటి మనిషి వీపు కనిపిస్తే చాలు, పోయి దాని వెనుక నిలబడతారు, ఇక కదలరు. సర్కారు పరీక్షలకు రమ్మంటుంది. పరీక్షలకు లైన్ కట్టాలి కదా, రోగం ఇంకా పెరుగుతుంది. ఒక పేజీలో మనుషులే లేరు, చెప్పుల లైను మాత్రం ఉంది. మాకది వింత కాదు. యూరియా దుకాణం ముందు ఎండకు తాళలేక రైతులు లైన్లో చెప్పులు విడిచి నీడకు పోవడం చూస్తూనే ఉంటాం. అతని కథలో చెప్పులకు కూడా రోగం సోకింది. తిరిగి వచ్చి వేసుకోబోతే కదలవు. చివరికి లైన్ కృష్ణా నది దాకా పోయి, గుట్టలు చుట్టి, దాని తల దాని తోకనే కలుసుకుంటుంది. లైన్లో మొదటి మనిషి ఎవరో వెతుకుతూ నడిచిన ఒక డాక్టరమ్మకు మొదలే దొరకదు. అలసిపోయి ఆమె ఒక రాయి మీద కూర్చుంటుంది. ఆమెను చూసి వెనుకవాడు కూర్చుంటాడు, వాణ్ణి చూసి ఆ వెనుకవాడు. అట్లా రోగం పోతుంది.

నేను మూడు పేరాలు రాశాను. మొదటిది బొమ్మల గురించి, నడిమిది కథ, చివరిది ముగింపు మీద నాకున్న చిన్న అభ్యంతరం. పుస్తకం పేరు మొదటి పేరాలో, చిత్రకారుడి ఊరూ పేరూ చివరి పేరాలో ఉన్నాయి. ఆ వారం ఎవరిదో సంస్మరణ ప్రకటన పెద్ద సైజులో వచ్చింది. సంపాదకుడు జాగా కోసం నా సమీక్ష పైభాగం, కిందిభాగం తీసేశాడు. నడిమి పేరాకు తనే శీర్షిక పెట్టాడు: "మక్తల్ ప్రాంతంలో లైన్ రోగం. నిలబడ్డవారు కూర్చోవడం లేదు."

నేను పత్రిక పట్టుకుని జిరాక్స్ షాపుకు పోయాను. "గిదేం పని తమ్ముడూ?" అన్నాను.

"కథ మొత్తం ఉన్నది కద మేడం. అసలు ముచ్చట ఉంచిన, పొట్టు తీసిన," అన్నాడు. అతని ముఖంలో గర్వమే కనిపించింది.

మధ్యాహ్నానికి ఎవరో ఆ ముక్కను ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టారు. కింద నా పేరుంది కాబట్టి ఫోన్లు నాకే వచ్చాయి. మొదట చేసినాయన గొంతులో నిజమైన భయం ఉంది.

"మేడం, మా బామ్మర్ది పొద్దుగాల్ల బ్యాంకు కాడ నిలవడ్డడు. ఇంక ఇంటికి రాలే. గదేనా?"

"బ్యాంకు కాడ రద్దీ ఉంటది కదన్నా."

"రద్దీ రోజు ఉంటది మేడం. ఇయ్యాల ఫోన్ ఎత్తుతలేడు."

మా బడిలో ప్రిన్సిపాల్ ముందుజాగ్రత్తగా ప్రార్థనకు పిల్లల్ని లైన్లలో కాకుండా గుండ్రంగా నిలబెట్టింది. పుస్తకంలో అది రోగం పూర్తిగా ముదిరిన దశ. ఆ సంగతి నేను చెప్పలేదు.

మరునాడు మా వాడకట్టు ఆశా కార్యకర్త వచ్చింది. కరోనా కాలంలో ఇల్లిల్లూ తిరిగిన మనిషి. గడపలో కూర్చుని నీళ్లు తాగి, "అక్కా, పైనుంచి అడుగుతున్నరు. ఎందరికొచ్చిందని చెప్పాలె?" అంది.

"అది కథ చెల్లె. బొమ్మల కథ."

"కథ అనే చెప్త. ఎందరికొచ్చింది?"

"ఎవరికీ రాలే."

"ఎవరికీ రాలేదంటే నువ్వు తిరగనే లేదంటరు. ఇద్దరు ముగ్గురని చెప్తే యాడున్నరు చూపియ్యమంటరు. నన్నేం జెయ్యమంటవక్కా?" ఆమె బాధ నిజమైనదే. లేచి వచ్చి నా బల్ల మీది పుస్తకం తీసుకుంది. "గిది ఇయ్యి. సాంపిల్ పంపిస్త." అంచున బంగారు గీత చూసి దాన్ని ఒక ప్లాస్టిక్ సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని పోయింది. ఆ పుస్తకం ఏ దవాఖానకు పోయిందో, ఏం తేలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

సంపాదకుడి మీద పట్టుబట్టి సవరణ వేయించాను. అదీ తనే రాశాడు: "గత వారం ప్రచురించిన లైన్ రోగం మక్తల్‌లో లేదు. చింతిస్తున్నాము." అది చదివినవాళ్లంతా నాకు ఫోన్ చేసి ఒకే మాట అడిగారు. "మరి యాడున్నది?"

అప్పుడే చిత్రకారుడి నుంచి ఫోన్ వచ్చింది. తిడతాడనుకున్నాను. చాలా మర్యాదగా, "మేడం, ఒకపారి మా దుకాణానికి రావాలె. గా లైన్ రోగం బొమ్మలు నావని ఈడ అందరికెర్కే, చూడనీకె జనం వస్తున్నరు. మీతోని మాట్లాడేది గూడ ఉన్నది," అన్నాడు.

ఆదివారం బయలుదేరాను. దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్‌లలో బస్సులు మారి మక్తల్‌లో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అతని దుకాణం ఎక్కడని అడగాల్సిన పని పడలేదు. బజారు మూల నుంచి బట్టల దుకాణం దాటి, కిరాణం దాటి ఒక లైన్ ఉంది. అది అతని గుమ్మం దగ్గర ఆగింది.

నేను నేరుగా ముందుకు పోబోయాను. "ఓ మేడం! యాడికి? ఎనకకు పోండ్రి!" అని నాలుగు గొంతులు లేచాయి.

"నేను ఆయనను కలువనీకె వచ్చిన."

"మేమేం గుట్టలు చూడనీకె వచ్చినమా?"

నోరు మూసుకుని పోయి చివర నిలబడ్డాను. నా ముందు భుజాన తువ్వాలు వేసుకున్న ముసలాయన. "పెద్దయ్యా, లైన్ దేనికి?" అని అడిగాను.

"ఎర్కలేదు బిడ్డా. మందికి దొరికి నాకు దొరకకపోతే ఇంట్ల ముసల్ది తిడ్తది. అందుకే నిలవడ్డ."

ఇంతలో నా వెనుక ఒకామె చేరింది. ఆమె చేతిలో ఆధార్ కార్డు జిరాక్స్ ఉంది. "ఏమిస్తున్నరక్కా?"

"ఏమీ ఇస్తలేరమ్మా. రోగం ఉన్నదని పుకారు పుట్టింది, నిజమా కాదా చూడనీకె కొందరు వచ్చిన్రు. వాళ్లను చూసి మిగతా వాళ్లు నిలవడ్డరు."

ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది. "ముందున్నోళ్లు గట్లనే అంటరు, అక్కా. ఎనకవాళ్లు పోతే మీకే జల్ది దొరుకుతదని." అని ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

నాకు నవ్వు రాలేదు. ఎదురుగా తువ్వాలు, దాని వెనుక నేను, నా వీపు మీద ఆమె ఊపిరి. పక్కకు తప్పుకుని చాయ్ తాగుదామనిపించింది. కానీ నా జాగా పోతుందేమోనని పోలేదు. అంత దూరం వచ్చింది ఇది ఒట్టి కథ అని చెప్పడానికే అయినా, నా కాళ్లు మాత్రం కదల్లేదు.

చివరికి గుమ్మం చేరాను. ముసలాయన పక్కకు జరిగి నిలబడ్డాడు కానీ వెళ్లలేదు. అక్కడికి చేరినవాళ్లెవరూ వెళ్లడం లేదు. ఆఖరికి ఏమైనా ఇస్తారేమోనని గోడ పొడుగునా నిలబడి చూస్తున్నారు. చిత్రకారుడు సన్నటి మనిషి. తెల్లటి టోపీ, గోళ్లలో ఎన్నటికీ పోని ఎర్రరంగు. నేనెవరో చెప్పగానే స్టూలు తుడిచి వేశాడు.

"తప్పయింది భాయ్. నా వల్ల మీకు గింత పరేషానీ," అన్నాను.

"రోగమన్నందుకు నాకు ఫికర్ లేదు మేడం. జనం తెల్సుకుంటరు." అతను తల వంచుకుని కుంచె తుడిచాడు. "కని, పదేండ్ల సంది బోర్డు రాయలే. బండ్ల నంబర్లు రాసుడు తప్ప గీ చేతులతోని గిదొక్కటే చేసిన. మీరు చదివిన్రు. బొమ్మ ఎట్లున్నదో ఒక్క ముక్క రాయలే."

"రాసిన భాయ్. పేపరోళ్లు కోసేసిన్రు."

"రాసిండ్రా?" తలెత్తి నా ముఖంలోకి చూశాడు. "ఏమని?"

కాగితం తీసుకుపోలేదు. కానీ ఆ పేరా కొట్టేసి కొట్టేసి రాసింది కాబట్టి నోటికి వచ్చు. గోడ పక్కన జనం వింటుండగా, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చెప్పాను.

"ఈ పుస్తకంలో ముఖాలు తక్కువ, వీపులు ఎక్కువ. మూటలు మోసిన వీపు, కుర్చీలో అరిగిన వీపు, చంకన బిడ్డతో ఒక పక్కకు ఒరిగిన వీపు, భయాన్ని బయటపడనివ్వని వీపు. ఎవరి వీపును వాళ్లు చూసుకోలేరు. ఈ చిత్రకారుడు మనందరి తరఫున చూసి పెట్టాడు."

అతను కుంచెను నీళ్లలో ముంచి, తీసి, మళ్లీ ముంచాడు. గోడ పక్కన చిన్న కదలిక. ఒకాయన అంగీ వెనకవైపు కిందికి గుంజుకున్నాడు. ఆధార్ జిరాక్స్ ఆమె కొంగు సర్దుకుంది. ముసలాయన గొంతు సవరించుకుని, "అయితే నా వీపు ఎట్లుంటది సాబ్?" అని అడిగాడు.

"తిర్గు తాతా," అన్నాడు చిత్రకారుడు. ఒక పెళ్లికార్డు కాగితం తీసి, చకచకా గీసి చేతికిచ్చాడు. ముసలాయన దాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసి, "మస్తున్నది గద," అన్నాడు, ఇన్నాళ్లూ ఈ సంగతి ఎవరూ చెప్పనందుకు నొచ్చుకున్నవాడిలా. ఆ మాటతో లైన్‌కు ఒక అర్థం వచ్చింది. జనం క్రమంగా వచ్చి, వెనక్కి తిరిగి, తమ బొమ్మ తీసుకుని వెళ్లసాగారు.

గీస్తూనే అతను అడిగాడు. "ఆఖరు పేరాల ఏముండె?"

ఆ సంతోషం చెడగొట్టడం ఇష్టం లేకపోయినా చెప్పాను. "ముగింపు నమ్మబుద్ధి కాలేదని రాసిన. డాక్టరమ్మ కూసుంటే అందరూ కూసుంటరా? మనోళ్లు ఆమెనే లేపుతరు, లైన్ కదిలింది లెవ్వమని."

అతను కుంచె ఆపి లైన్ వైపు తిరిగాడు. "ఏమంటరు? ముందున్నోళ్లు కూసుంటే మీరు కూసుంటరా, కూసోరా?"

లైన్ రెండుగా చీలింది. "కింద కాల్తుంటే ఎట్ల కూసుంటం?" అని ఒకామె. "నేను కూసుంటే ఎనకోడు దాటిపోడా?" అని ఇంకొకాయన. కిరాణం దగ్గర నుంచి ఎవరో అరిచారు. "అందరం ఒక్కసారే కూసుందం, ఎవ్వడు దాటడు!" ఎవరూ కూర్చోలేదు. చిత్రకారుడు అంతా విని, "సరే మేడం. రెండోసారి అచ్చేసినప్పుడు డాక్టరమ్మను నాలుగు తిట్టిపిస్త," అని ఒప్పుకున్నాడు.

ఆ బొమ్మల గురించి ఇంట్లో చెబితే అత్తమ్మ పట్టు పట్టింది. ఎన్నడూ ఫొటోకు నిలబడని మనిషి, "ముఖం చూపియ్యకుంట తీస్తడు కద, నన్ను తోల్కపో," అంది. తర్వాతి నెల ఇద్దరం పోయాం. ఆ రోజు లైన్ లేదు. ఆమె గోడ వైపు తిరిగి, చెట్టులా కదలకుండా నిలబడింది.

బొమ్మ చేతికి వచ్చాక చాలాసేపు చూసింది.

"గిది నాది కాదు," అంది.

"నీదేనమ్మా. ఇప్పుడే గద గీసిన," అన్నాడు అతను.

"నీకెర్కలేదు నాయినా. గిది మా అమ్మ. చిన్నప్పుడు కలుపు తీయనీకె ఆమె ఎనకనే నడిచిన. గా కుడి బుజం గిట్లనే ఉంటుండె."

అతను ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. చివరికి అతనే తగ్గి, బొమ్మ కింద సంతకం చేసి ఇచ్చాడు. ఆమె తల్లి ఫొటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు ఆ వీపు బొమ్మను ఫ్రేమ్ కట్టించి, బొట్టు పెట్టి, దండ వేసింది. బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియక కొప్పు మీద పెట్టింది. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు, మన మీద అలిగినట్టు అటు తిరిగి ఉన్న ఆమె ఎవరని అడుగుతుంటారు.