పుష్పలత పట్టిన పాకం

మా కబడ్డీ జట్టు కెప్టెన్ పుష్పలతది నందిపేట్. పసుపు తవ్వి కాయలు కాసిన చేతులు. కూతకొచ్చినదాని కాలు ఆమెకు చిక్కిందంటే అంతే, వదలదు. ఈసారి బోధన్ పోటీల్లో కప్పు మాదే.

సన్మానం నాడు మాత్రం వేదిక మీద కుర్చీలన్నీ మొదటి ఆటలోనే ఓడిన మగవాళ్ల జట్టుకిచ్చారు. మమ్మల్ని వెనక వంట దగ్గరికి తోలారు.

పోటీలు పెట్టిన బాపురావు వచ్చి, "బిడ్డా, నువ్వుల లడ్డూలకు పాకం నువ్వే పట్టాలె. పట్టు అంటె కుస్తీల మొగోళ్ల మాట. గా మాటనే మీకు వంటింట్ల వాడుకోనిచ్చిండ్రు" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. చేత్తో పట్టుకోవడంలోంచి పుట్టిన మాట అది. కాలు పట్టినా పాకం పట్టినా చెయ్యే కదా! ఎవడబ్బ సొమ్మని పంచిపెడతాడు?

పుష్పలత పొయ్యి ముందు కూర్చుంది. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే ఉండ కట్టింది. అప్పుడే దించి నువ్వులు కలపాలి. ఆమె దించలేదు. బాగా ముదిరాక గంటె అందులోనే నిలబెట్టి పొయ్యి ఆర్పింది. చల్లారి రాయిలా బిగుసుకున్నాక మూకుడు తీసుకెళ్లి వేదిక మీద పెట్టింది.

"గీ గంటె గుంజుండ్రి కాకా, సూస్త."

బాపురావు గుంజాడు. మూకుడే పైకి లేచింది. పంతం కొద్దీ ఆటగాళ్లంతా లేచి, ఒకరినొకరు తోసుకుంటూ మూకుడు చుట్టూ మూగారు.

మేం వెళ్లి ఆ కుర్చీల్లో కూర్చున్నాం.